కనపడని మనిషితో కష్టం సుఖం

పొయ్యిమీద పప్పు మాడితే వాసన వీధి చివరిదాకా వెళ్తుంది. పక్కింటావిడ గోడమీంచి తొంగిచూసి, "ఏమ్మా, పప్పు మాడినట్టుందే!" అని పలకరిస్తుంది కూడాను. మనసు మాడితే మాత్రం ఒకే కప్పు కింద ఉన్న నలుగురికీ తెలియదు. తెలిసినా "దానికది ఎప్పుడూ ఉండేదేలే" అని ఊరుకుంటారు. అందుకే కాబోలు, ఆడవాళ్ళు తమ గోడు చెప్పుకోవడానికి ఇంటి బయట మనిషిని తరతరాలుగా వెతుక్కుంటూనే ఉన్నారు. నూతిగట్టు, చాకిరేవు, గుడి మంటపం ఊరికే కబుర్ల కోసం పుట్టిన చోట్లు కావు.

ఇప్పుడు ఆ మనిషి ఫోన్‌లో దొరుకుతోంది. పిల్లవాడు చదవడం లేదని ఒకావిడ, అత్తగారితో మాటలు లేవని ఒకావిడ, పురుడు వచ్చి ఆరు నెలలైనా ఏడుపు ఆగడం లేదని మరో అమ్మాయి, ఎక్కడో హైదరాబాదులోనో బెంగుళూరులోనో కూర్చున్న కౌన్సెలర్‌తో వీడియోకాల్‌లో మాట్లాడుతున్నారు. దీన్నే ఆన్‌లైన్ థెరపీ అంటున్నారు. మా సత్తుపల్లిదాకా వచ్చేసింది ఈ మాట. "ఇదెక్కడి చోద్యమే! మొహం ఎరగని మనిషికి ఇంటిగుట్టు చెప్పుకోవడమేమిటి?" అని మా వీధిలో పెద్దావిడ ఒకరు బుగ్గలు నొక్కుకున్నారు.

ఆవిడ మాట విన్నాక నాకు ఈ చోద్యం పుట్టుపూర్వోత్తరాలు కాస్త తవ్వి చూడాలనిపించింది. చూస్తే తేలిందేమిటంటే, దీని వయసు మూడువందల ఏళ్ళ పైమాటే!

1691లో లండన్ నగరంలో జాన్ డంటన్ అనే పుస్తకాల వ్యాపారి "అథీనియన్ మెర్క్యురీ" అని ఒక పత్రిక పెట్టాడు. ఎవరైనా సరే, పేరు చెప్పకుండా ప్రశ్న రాసి పంపవచ్చు. డంటన్, అతని స్నేహితులు కలిసి జవాబులు అచ్చువేసేవారు. భూమి గురించీ ఆకాశం గురించీ అడిగినవాళ్ళు ఎంతమందో, పెళ్ళి గురించీ మొగుడి గురించీ అడిగినవాళ్ళూ అంతమంది. ఆడవాళ్ళ ప్రశ్నలకు గిరాకీ ఉందని గ్రహించి 1693లో "లేడీస్ మెర్క్యురీ" అని వేరే పత్రికే తెచ్చారు. నాలుగు సంచికలకే ఆగిపోయిందనుకోండి. పత్రిక ఆగింది గాని, ప్రశ్నలు ఆగలేదు.

పిల్లల పెంపకం సంగతికొస్తే, అందులోనూ మొదటి పెద్ద కేసు ఉత్తరాల మీదే నడిచింది. వియన్నా నగరంలో మాక్స్ గ్రాఫ్ అని ఒక సంగీత విమర్శకుడు ఉండేవాడు. ఆయనకు అయిదేళ్ళ కొడుకు. ఆ పిల్లాడికి గుర్రమంటే హడలు. వీధిలోకి రానంటాడు. ఆ రోజుల్లో వీధి నిండా గుర్రపుబళ్ళే కదా! తండ్రి 1908లో ఆ పిల్లాడి మాటలు, కలలు, భయాలు అన్నీ పూసగుచ్చినట్టు రాసి సిగ్మండ్ ఫ్రాయిడ్‌కు పంపేవాడు. ఆయన సలహాలిచ్చేవాడు. ఆ వైద్యం జరిగినన్నాళ్ళలో ఫ్రాయిడ్ ఆ పిల్లాణ్ణి వైద్యం పేరిట చూసింది ఒక్కసారి. 1909లో ఆ కథ "లిటిల్ హాన్స్" అన్న మారుపేరుతో లోకమంతా చదివింది. ఆ పిల్లాడు పెద్దవాడై, హెర్బర్ట్ గ్రాఫ్ అన్న అసలు పేరుతో, న్యూయార్కులో పేరుమోసిన సంగీతనాటక దర్శకుడయ్యాడు. పంతొమ్మిదేళ్ళప్పుడు 1922లో ఫ్రాయిడ్‌ను కలిసి, "ఆ పుస్తకం చదివాను, అందులో ఒక్కటీ నాకు గుర్తులేదు" అన్నాట్ట. ఫ్రాయిడ్ చెప్పిన కారణాలు సరైనవా కావా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. వాళ్ళ వాదన మనకెందుకు గాని, ఒక తండ్రి కొడుకు మాటల్ని అంత శ్రద్ధగా విని రాసుకున్నాడే, అది నాకు నచ్చింది. మనలో ఎంతమందిమి పిల్లవాడి మాట చివరిదాకా వింటున్నాం చెప్పండి!

ఇక మన తెలుగునాట సంగతి. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1883లోనే ఆడవాళ్ళ కోసం "సతీహితబోధిని" పత్రిక నడిపారు. ఆ రోజులకు అది సాహసమే. అయితే పేరులోనే ఉంది చూడండి, బోధ! పంతులుగారు చెబుతారు, మనం వింటాం. మనం అడిగే రోజు రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

ఆ రోజు తెచ్చిన వాళ్ళలో ముందు చెప్పుకోవలసింది మాలతీ చందూర్ గారిని. ఆవిడ పుట్టింది నూజివీడులో. మా సత్తుపల్లి వాళ్ళకు పరాయి ఊరు కాదది. 2014లో రాష్ట్రం విడిపోయాక సరిహద్దుకు అటు చేరింది గాని, ఇప్పటికీ వియ్యాలు, మామిడికాయలు ఇటూ అటూ నడుస్తూనే ఉంటాయి. ఆవిడ కాపురం మాత్రం మద్రాసులో. 1952లో ఆంధ్రప్రభ వారపత్రికలో "ప్రమదావనం" శీర్షిక మొదలుపెట్టి, దాదాపు అర్ధశతాబ్దం నడిపారు. ఆవకాయలో ఉప్పెంత అన్న దగ్గర్నుంచి మొగుడు చెయ్యి చేసుకుంటే ఏం చెయ్యాలన్న దాకా ఆడవాళ్ళు ఆవిణ్ణి అడిగేవారు. ఆవిడ డాక్టరు కాదు, మానసిక శాస్త్రంలో పట్టా పుచ్చుకున్నావిడా కాదు. నవలలు రాశారు, వంటల పుస్తకం రాశారు, 1992లో "హృదయనేత్రి" నవలకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నారు. 2013లో కన్నుమూశారు. అన్నిటికంటె పెద్ద పని, పేరు ఊరు లేని వేలాది ఉత్తరాలు ఓపిగ్గా చదవడమే ననుకుంటాను నేను.

ఉత్తరం అంటే గుర్తొచ్చింది. నేను ఎనిమిదో తరగతి చదివే రోజుల్లో మా పెద్దమ్మ నాచేత ఒక వారపత్రికకు ఉత్తరం రాయించింది. ఆవిడకు సంతకం తప్ప రాయడం రాదు. కొడుకు పదో తరగతి తప్పితే పెదనాన్న వాణ్ణి బెల్టుతో కొట్టడం, అడ్డం వెళ్తే ఈవిణ్ణి తిట్టడం, ఇదీ సంగతి. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక పెరట్లో జామచెట్టు కింద కూర్చుని చెప్పింది. చివర "ఒక తల్లి, సత్తుపల్లి" అని రాశాను. "ఊరి పేరు వద్దే, ఖమ్మం జిల్లా అని రాయి" అంది. రాశాను. కాసేపాగి, "జిల్లా కూడా కొట్టెయ్" అంది. ఆఖరికి "ఒక తల్లి" మిగిలింది. ఆ కవరు నేనే పోస్టుడబ్బాలో వేసి వచ్చాను. జవాబు ఎప్పుడొస్తుందో, వస్తుందో రాదో ఎవరికీ తెలియదు. అయినా ఆ రాత్రి పెద్దమ్మ చాలా రోజుల తర్వాత కడుపునిండా అన్నం తిన్నది. అది నేను కళ్ళారా చూశాను.

జవాబు రాకముందే మనసు ఎలా తేలికపడింది? ఈ ప్రశ్నకు సమాధానం లండన్‌లో ఒక చర్చి ఫాదరు దగ్గర దొరికింది. ఆయన పేరు చాద్ వరా. 1935లో ఆయన కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఒక అమ్మాయికి అంత్యక్రియలు జరిపించవలసి వచ్చింది. పధ్నాలుగేళ్ళు నిండీనిండని పిల్ల. పెద్దమనిషైతే, అది ఏదో చెడ్డ జబ్బనుకుని, అడగడానికి మనిషి లేక ప్రాణం తీసుకుంది. ఆ దుఃఖం ఆయన్ని వదల్లేదు. 1953 నవంబరులో తన చర్చిలో ఒక టెలిఫోను పెట్టి, "చచ్చిపోవాలనిపిస్తే ముందు నాకు ఫోన్ చెయ్యండి" అని ప్రకటించాడు. ఫోన్ చేసేవాళ్ళు కొందరైతే, స్వయంగా వచ్చేవాళ్ళు కొందరు. వచ్చినవాళ్ళు తమ వంతుకోసం ఎదురుచూస్తుంటే, ఊళ్ళోని మామూలు మనుషులు వాళ్ళకు టీ ఇచ్చి పక్కన కూర్చునేవారు. కొన్నాళ్ళకు ఫాదరుగారు గమనించిందేమిటంటే, ఆ టీ తాగుతూ మాట్లాడినవాళ్ళలో చాలామంది ఇక తనను చూడకుండానే వెళ్ళిపోతున్నారు! వాళ్ళకు కావలసింది ఉపదేశం కాదు, మాట కత్తిరించకుండా వినే మనిషి. "సమారిటన్స్" అన్న సంస్థ అలా పుట్టింది. అదే దారిలో 1986లో మద్రాసులో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ "స్నేహ"ను, 1997లో హైదరాబాదులో కొందరు "రోష్ని"ని నెలకొల్పారు.

ఉత్తరం అయింది, గొంతు అయింది. ఇక మొహం చూసి మాట్లాడటం. అదీ కొత్త కాదు. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలో 1959లోనే డాక్టర్ సెసిల్ విట్సన్ టీవీల సాయంతో రోగులకు మానసిక చికిత్స చేశాడు. 1964లో ఒమాహా నగరంలోని ఆస్పత్రికీ, సుమారు 180 కిలోమీటర్ల దూరంలో ఉన్న నార్‌ఫోక్ మానసిక వైద్యశాలకూ మధ్య ఇటు మనిషి అటు, అటు మనిషి ఇటు కనపడేట్టు టీవీ లైను వేశారు. ఎందుకో తెలుసా? ఆ పల్లెటూళ్ళకు డాక్టర్లు రామన్నారు కాబట్టి. అరవై ఏళ్ళనాటి నెబ్రాస్కా బాధే ఇవాళ్టి సత్తుపల్లి బాధ. మాకు ఖమ్మం డెబ్బై కిలోమీటర్ల పైచిలుకు. హైదరాబాదు ఒక రాత్రి ప్రయాణం. అశ్వారావుపేట, దమ్మపేట అవతల అడవి అంచున ఉన్నవాళ్ళకైతే సత్తుపల్లే పట్నం.

మన దేశం మొత్తం సంగతీ అంతే. బెంగుళూరు నిమ్హాన్స్ వారు 2015-16లో చేసిన జాతీయ సర్వేలో, మానసిక బాధలున్నవాళ్ళలో జబ్బునుబట్టి నూటికి 70 నుంచి 92 మందికి వైద్యమే అందడం లేదని తేలింది. డాక్టర్లు లేకపోవడం ఒక కారణం. రెండోది సిగ్గు. మా వైపు కోపమొస్తే "నిన్ను ఎర్రగడ్డ పంపించాలి" అంటారు. హైదరాబాదు ఎర్రగడ్డలో ఉన్నది ఎందరికో నయంచేసిన ఆస్పత్రి. దాన్నో తిట్టు చేసి కూర్చున్నాం. ఆ తిట్టు విని పెరిగిన పిల్ల రేపు నిద్ర పట్టకపోతే డాక్టరు గుమ్మం తొక్కుతుందా?

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజునే, డాక్టర్లు దూరం నుంచి ఎలా వైద్యం చెయ్యాలో చెప్పే నియమాలు కేంద్ర ప్రభుత్వం విడుదల చేసింది. ఇంట్లో అందరం ఒకేచోట బందీలమై, పిల్లల చదువులు ఫోన్‌లో, మగవాళ్ళ ఉద్యోగాలు ఫోన్‌లో, వంటిల్లు మాత్రం ఇరవైనాలుగు గంటలూ మన నెత్తిన ఉన్న ఆ రోజులు గుర్తున్నాయిగా! కౌన్సెలింగ్ కూడా ఫోన్‌లోకి వచ్చింది అప్పుడే. 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు, టెలీ మానస్ అన్న సర్కారు సేవ మొదలైంది. 14416 అన్న నంబరుకు పగలైనా రాత్రైనా, పైసా ఖర్చు లేకుండా చెయ్యవచ్చు. తెలుగులోనే మాట్లాడతారు. అవసరమైతే పై డాక్టరుకు కలుపుతారు.

ఉత్తరం కంటె ఇది మేలేనా అంటే, కొన్ని విషయాల్లో చాలా మేలు. ఉత్తరానికి ఒక్కటే జవాబు. ఇక్కడ ఎదురుప్రశ్న ఉంటుంది. "మీ అబ్బాయి రాత్రి ఎన్నింటికి పడుకుంటాడు? మీరు వాడిమీద చివరిసారి ఎప్పుడు నవ్వారు?" అని అడుగుతారు. ఆ రెండో ప్రశ్నకు మనం తెల్లమొహం వెయ్యడం ఖాయం. దిగులుకూ ఆందోళనకూ వీడియోలో చేసే చికిత్స ఎదురుగా కూర్చుని చేసేదానికి పెద్దగా తీసిపోదని పరిశోధనలు చెబుతున్నాయి. ఇంకో సదుపాయం ఉంది. 1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి, రోగితోపాటు ఇంటివాళ్ళనూ అక్కడే ఉంచేవాడు. ఇల్లంతా కలిస్తేనే నయమవుతుందని ఆయన నమ్మకం. ఇవాళ ఆ గుడారం తెరమీద వెయ్యొచ్చు. అత్తగారు సత్తుపల్లిలో, కొడుకు హైదరాబాదులో, కూతురు డల్లాస్‌లో ఉన్నా ఒకే గంటలో ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోవచ్చు. సంక్రాంతికి కలిసినప్పుడు పోట్లాడుకోవడం కంటె ఇది నయం కదూ!

ఇక జాగ్రత్తలు. ఫోన్‌లో కనపడ్డ ప్రతివాళ్ళూ నిపుణులు కారు. క్లినికల్ సైకాలజిస్టు నంటే భారత పునరావాస మండలిలో, సైకియాట్రిస్టు నంటే వైద్య మండలిలో పేరు నమోదై ఉండాలి. ఆ నంబరు అడగడానికి మొహమాటం వద్దు. చీరకొన్నప్పుడు రంగు దిగుతుందా అని అడగమూ? ప్రైవేటువాళ్ళ దగ్గర ఒక్కో సిట్టింగుకు వందలతో మొదలై వేలదాకా ఉంటుంది, ముందే కనుక్కోండి. ఇంట్లో కొడుతున్నారంటే అది కౌన్సెలింగ్‌తో సరిపోయే సంగతి కాదు. దానికి 181 ఉంది, ప్రాణం మీదికొస్తే 112 ఉంది, పిల్లల కోసం 1098 ఉంది.

ఈమధ్య పిల్లలు మనిషితో కాక యంత్రంతోనే కష్టసుఖాలు చెప్పుకుంటున్నారు. దానికీ ఒక తాతమ్మ ఉంది. 1966లో అమెరికాలో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే ప్రొఫెసరు "ఎలీజా" అన్న ప్రోగ్రాం తయారుచేశాడు. మనమన్న మాటనే కాస్త తిప్పి మనల్నే అడుగుతుంది, అంతే. అది మనిషి కాదని ఆయన సెక్రటరీకి శుభ్రంగా తెలుసు. అయినా రెండు మాటలు టైపు చెయ్యగానే ఆవిడ ప్రొఫెసరుతో, "మీరు కాస్త బయటికి వెళ్తారా?" అన్నదట! ప్రొఫెసరు నిర్ఘాంతపోయాడు. నేనైతే పోలేదు. యంత్రానికి మనసు లేదన్నది నిజమే, ఆపదలో అది మన చెయ్యి పట్టుకోలేదు. కాని ఆవిడ అడిగింది యంత్రాన్ని కాదే! నాలుగు నిమిషాలు తనదంటూ ఉండే గదిని అడిగింది.

ఈ కథంతా తిరగేశాక నాకు తట్టింది అదే. లండన్ ఉత్తరాల్లో పేరు లేదు. వియన్నా పిల్లాడికి మారుపేరు. మా పెద్దమ్మ ఊరు కొట్టేయించి, జిల్లా కొట్టేయించి, "ఒక తల్లి"గా మిగిలింది. సాధనం మారింది గాని, కోరిక మారలేదు. "నేను చెప్పింది ఈ గోడ దాటకూడదు" అన్నదే ఆ కోరిక. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం డాక్టరు మన గుట్టు బయటపెట్టకూడదని హక్కుగా రాసిచ్చింది. బాగానే ఉంది. కాని డాక్టరు నోరు కట్టేసిన చట్టం మన నట్టింటి చెవులు మూయించలేదు కదా?

మా ఊళ్ళో ఒక కోడలు పిల్లను నేనెరుగుదును. పసిబిడ్డ తల్లి. బుధవారం మూడింటికి కౌన్సెలర్‌తో మాట్లాడాలి. రెండు గదుల ఇల్లు; ఒక గదిలో మామగారి టీవీ, ఇంకో గదిలో ఆడపడుచు చదువు. ఆ పిల్ల వడియాలు ఎండబెట్టే వంకతో మండుటెండలో మేడ మీదికి వెళ్ళి, నీళ్ళట్యాంకు నీడన కూర్చుని మాట్లాడేది. సిగ్నలూ అక్కడే బాగుంటుందిట. ఫోను కూడా భర్తది; మాట్లాడాక నంబరు చెరిపేసేది. వాన కురిసిన బుధవారం ఆ మాటలు లేవు. ఉత్తరానికి జామచెట్టు నీడ చాలింది. దీనికి ఫోను కావాలి, సిగ్నలు కావాలి, చార్జింగు కావాలి, అరగంట తలుపు వేసుకోగల గది కావాలి. నెబ్రాస్కా దాకా లైను వెయ్యగలిగాం గాని, వంటింటికీ పడగ్గదికీ మధ్య చోటివ్వలేకపోయాం.

ఈ శీర్షిక చదివేవాళ్ళలో అత్తగార్లు చాలామందే ఉంటారని నాకు తెలుసు. మీ ఇంట్లో కోడలో, కూతురో, ఇంటర్ చదివే మనవడో "నాకు అరగంట మాట్లాడుకునే పనుంది" అంటే, ఎవరితో అని అడక్కండి. ఏం మాట్లాడావని తర్వాతా అడక్కండి. చెప్పాలనిపిస్తే వాళ్ళే చెబుతారు. పసివాణ్ణి మీరెత్తుకుని, ఆ తలుపు దగ్గరగా వేసి, టీవీ సౌండు కాస్త పెంచి వంటింట్లోకి వెళ్ళండి. పొయ్యిమీద పప్పు మాడకుండా చూసుకునే పూచీ ఆ అరగంటా మీది.